సర్ రోనాల్డ్ రాస్ – ఆయన రోగులు

మన సికింద్రాబాదుకు ప్రపంచ వైద్యచరిత్రలో శాశ్వతస్థానం సంపాదించిపెట్టిన మహనీయుడు సర్ రోనాల్డ్ రాస్. ఆయన పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడని మా నమ్మకం. కాని ఆయన పరిశోధనకు తన శరీరాన్ని అప్పగించిన హుసేన్ ఖాన్ మనలో ఎందరికి తెలుసు? ఈ ఇద్దరినీ కలిపి స్మరించుకోవడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉన్నతాధికారి. కుమారుని మనస్సు కవిత్వం మీద ఉన్నా, తండ్రి కోరికపై లండనులో వైద్యవిద్య అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. అంతకు ముందటి సంవత్సరమే ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రక్తంలో మలేరియా క్రిమిని కనుగొన్నారు. అది ఒకరి నుండి మరొకరికి ఎట్లా చేరుతుందో మాత్రం తేలలేదు. దోమకు దీనితో సంబంధముందని 1894లో పాట్రిక్ మాన్సన్ రాస్‌కు బోధించారు.

1895లో రాస్ సికింద్రాబాదు వచ్చి పరిశోధన ఆరంభించారు. దోమలు చచ్చిన నీటిని త్రాగుటవల్ల జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. దానిని పరీక్షించడానికి రాస్ ఆరోగ్యవంతులచేత అట్టి నీటిని త్రాగించారు. ఒకరికి జ్వరం వచ్చి, కొద్దిరోజులలో తగ్గింది. ఆ ఊహ తప్పని తరువాత తేలింది. అదే నిజమై ఉంటే ఆ మనిషి గతి ఏమయ్యేదో మనం ఆలోచించవలసి ఉన్నది.

1897 ఆగస్టు 16న బేగంపేటలో, ప్రయోగశాలలో పెంచిన పది మచ్చరెక్కల దోమలచేత మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను కుట్టించారు. దోమకు ఒక అణా చొప్పున పది అణాలు చెల్లించారు. ఆగస్టు 20న ఆ దోమలలో ఒకదాని కడుపును సూక్ష్మదర్శినితో పరిశీలించగా, మలేరియా క్రిమిలో కనిపించే నల్లని రేణువులుగల కణాలు కనిపించాయి. రహస్యద్వారం తెరచుకున్నది.

1898లో రాస్ కలకత్తా చేరారు. అప్పుడు అక్కడ ప్లేగు టీకాలను గూర్చి వదంతులు వ్యాపించి ఉన్నాయి. సూది కనబడితే చాలు, జనం పారిపోయేవారు. ప్రజల విశ్వాసం లేక మనుష్యులపై పరిశోధన సాగలేదు. ఆయన పక్షుల మలేరియాను ఆశ్రయించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులలో చేరుతుందని ఆ జూలైలో నిరూపించారు. మానవ మలేరియాలో ఇదే విషయాన్ని ఆ సంవత్సరమే ఇటలీ శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది. 1932 సెప్టెంబరు 16న ఆయన దివంగతులయ్యారు.

రాస్ కీర్తిని తగ్గించడం మా అభిమతం కాదు. ఆయన రోగికి డబ్బిచ్చారు, పేరును నమోదు చేశారు. ఆ కాలానికి అదే గొప్ప. అయితే పది అణాలు సమ్మతికి ప్రత్యామ్నాయం కాజాలవు. తనపై జరిగేదేమిటో రోగికి తెలియాలి, కాదనే హక్కు ఉండాలి. 1964 నాటి హెల్సింకీ ప్రకటన ఈ ధర్మాన్ని లోకానికి చాటింది. 2017లో భారత వైద్య పరిశోధన మండలి వెలువరించిన మార్గదర్శక సూత్రాలు, పరిశోధన వివరాలను రోగికి అర్థమయ్యే భాషలో తెలపాలని, నైతిక సంఘాలలో వైద్యేతరుడైన సామాన్య పౌరునికి స్థానముండాలని విధిస్తున్నాయి.

ఉర్దూ, తెలుగు రెండింటా చదువుకొనే మన విద్యార్థులకు ఇక్కడ ఒక కర్తవ్యం కనిపిస్తున్నది. ఆసుపత్రిలో అర్థంకాని కాగితంపై వేలిముద్ర వేయబోయే వృద్ధునికి దానిని ఆయన భాషలో చదివి వినిపించగలవారు మీరే. సంతకానికి ముందు ప్రశ్న అడగడం తప్పు కాదని ఆయనకు చెప్పండి. ఆ నైతిక సంఘాలలో పౌరుల స్థానాలలోనూ మీవంటివారు రేపు కూర్చోవాలని మా ఆకాంక్ష.