మెట్రిక్ తప్పిన శాస్త్రవేత్త
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదని చదివాక మాకు ఆయన మీద అభిమానం ఇంకా పెరిగింది. మా ఇళ్లలో అయితే ఒక్కసారి తప్పితే చదువు ఆగిపోయినట్టే!

1895లో భీమవరంలో పుట్టారు. అన్నగారు స్ప్రూ వ్యాధితో చనిపోయారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా చేరారు. బోస్టన్ ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. ఎంత పరిశోధించినా అక్కడ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో వచ్చే రక్తహీనతకు అది మందయింది. కొత్త రక్తకణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. లుకేమియా కణాలకూ అదే కావాలి. మరి దానిని అడ్డుకుంటే? అలా అమినాప్టెరిన్ తయారైంది. దానిని వాడిన 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా మేలు కనిపించిందని 1948 జూన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. అప్పటిదాకా ఆ పిల్లలకు గతి లేదు.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏళ్లకు కన్నుమూశారు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను మూలకణాల మార్పిడి జరిగాక, దాత కణాలు రోగి శరీరంపై దాడి చేయకుండా నేటికీ ఇస్తున్నారు.