మళ్ళీ మళ్ళీ చూడదగిన చిత్రాల స్రష్ట బి.ఎన్. రెడ్డి

ఒక చలనచిత్రాన్ని మొదటిసారి చూసే ప్రేక్షకుడు కథ కోసం చూస్తాడు. తరువాత ఏమి జరుగుతుందోనన్న కుతూహలమే అతనిని చివరిదాకా కూర్చోబెడుతుంది. కథ అంతా తెలిసిపోయాక కూడా అదే చిత్రాన్ని రెండవసారి, పదవసారి చూడాలనిపించినప్పుడు దానిలో కథను మించినది ఏదో ఉన్నదని అర్థం. తెలుగువారి ఇళ్ళలో తాతలు చూసి, తండ్రులు చూసి, నేడు మనుమలు కూడా చూస్తున్న చిత్రాలలో 'మల్లీశ్వరి' ఒకటి. దానిని తీర్చిదిద్దిన దర్శకుడు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. ముప్ఫై సంవత్సరాల కాలంలో తెలుగులో ఆయన దర్శకత్వం వహించిన చిత్రాలు పదకొండు మాత్రమే. తక్కువగా చేయడం, చేసినది నిలిచేటట్లు చేయడం ఆయన జీవితసూత్రం. ఆ సూత్రానికి ఆయన చెల్లించిన మూల్యం కూడా తక్కువేమీ కాదు.

నరసింహారెడ్డి 1908లో కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లి గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. నాగిరెడ్డి, కొండారెడ్డి ఆయన తమ్ముళ్ళు. రాయలసీమ నుండి మద్రాసు చేరిన ఈ సోదరులు అక్కడ బి.ఎన్.కె. ప్రెస్ పేరుతో ముద్రణాలయం నడిపారు. ఆనాడు తెలుగు పత్రికలకు, ప్రచురణలకు, నాటకాలకు, చలనచిత్రాలకు మద్రాసే కేంద్రం. సాహిత్యమూ కళలూ తెలిసినవారి సాంగత్యం ఆయనకు అక్కడ సులభంగానే లభించింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో రోహిణీ సంస్థ నిర్మించిన 'గృహలక్ష్మి' (1938) చిత్రంలో పాలుపంచుకోవడంతో ఆయన చిత్రరంగ ప్రవేశం జరిగింది. చిత్తూరు నాగయ్య వెండితెరకు పరిచయమైనది కూడా ఆ చిత్రంతోనే.

పరుల సంస్థలో పని చేయడం వల్ల తాను తలచిన చిత్రాలు తీయడం సాధ్యం కాదని గ్రహించి, తాడిపత్రికి చెందిన పారిశ్రామికుడు మూలా నారాయణస్వామి ఆర్థికబలంతో వాహినీ సంస్థను స్థాపించారు. ఛాయాగ్రహణానికి కె. రామ్‌నాథ్, కళాదర్శకత్వానికి ఎ.కె. శేఖర్, రచనకు సముద్రాల రాఘవాచార్య, సంగీతానికీ నటనకూ నాగయ్య సమకూడారు. తరువాతి కాలంలో 'పాతాళభైరవి', 'మాయాబజార్' వంటి చిత్రాలతో చిరకీర్తి గడించిన కె.వి. రెడ్డి ఆ రోజులలో వాహినిలో నిర్మాణ వ్యవహారాలు చూసేవారు. ఆయన దర్శకుడైనది కూడా వాహినీ వారి 'భక్త పోతన' (1943)తోనే. ఒక మనిషి చుట్టూ ఇందరు ప్రతిభావంతులు చేరడానికి కారణం, ఎవరి పనిని వారికి అప్పగించి, ఆ పని సంపూర్ణంగా పండేవరకు ఓపికతో నిరీక్షించే గుణం ఆయనలో ఉండడమే.

తొలి చిత్రం 'వందేమాతరం' 1939లో విడుదలైంది. పౌరాణిక కథలే తెరను ఏలుతున్న ఆ దినాలలో చదువుకున్న యువకుని నిరుద్యోగాన్ని, వరకట్నం తెచ్చే కలతలను ఇతివృత్తంగా గ్రహించడం సాహసమే. మరుసటి సంవత్సరం వచ్చిన 'సుమంగళి' వితంతు వివాహ సమస్యను చేపట్టింది. కందుకూరి వీరేశలింగం పంతులు నడిపిన సంస్కరణోద్యమపు స్ఫూర్తి అందులో స్పష్టంగా కనిపిస్తుంది. 1941 నాటి 'దేవత' ధనికుల ఇంట పనిచేసే ఒక అమాయకురాలికి జరిగిన అన్యాయాన్ని చిత్రించింది. 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో రంగస్థలపు మెరుగులకు లోబడి భార్యాబిడ్డలను విస్మరించిన గృహస్థుగా నాగయ్య, అతనిని ఆకర్షించిన నటిగా భానుమతి, సహనమూర్తియైన ఇల్లాలిగా కన్నడ రంగస్థల ప్రఖ్యాత నటి బి. జయమ్మ నటించారు. భానుమతి కీర్తి నలుదెసలా వ్యాపించినది ఆ చిత్రంతోనే.

'మల్లీశ్వరి' బీజం మాత్రం ఎంతో ముందుగానే పడింది. 'వందేమాతరం' చిత్రీకరణ కోసం 1939లో ఆయన హంపీకి వెళ్ళారు. నాడు మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో భాగమై, నేడు కర్ణాటకలోని విజయనగర జిల్లాలో ఉన్న ఆ శిథిలనగరం ఆయన మనస్సును వదలలేదు. విరిగిన స్తంభాలను, పూడిపోయిన రాచబాటలను చూసిన ఆయనకు ఒకనాటి సజీవ నగరాన్ని తెరమీద నిలపాలన్న కోరిక కలిగింది. ఆ కోరిక రూపుదాల్చడానికి పన్నెండు సంవత్సరాలు పట్టింది. బుచ్చిబాబు రచించిన 'రాయలవారి కరుణకృత్యము' నాటిక, దేవన్ షరార్ ఆంగ్లంలో వ్రాసిన ఒక కథ ఆ చిత్రానికి ఆధారాలైనవి. మాటలకూ పాటలకూ ఆయన ఎన్నుకున్నది అంతవరకు చిత్రరంగంతో పరిచయం లేని భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రిని. సాలూరి రాజేశ్వరరావు స్వరకల్పన, ఘంటసాల, భానుమతి గానం, శేఖర్ తీర్చిన విజయనగర వైభవం, ఆది ఇరానీ, తమ్ముడు కొండారెడ్డి కలిసి నిర్వహించిన ఛాయాగ్రహణం ఒక్కచోట చేరాయి. నాగరాజుగా ఎన్.టి. రామారావు, మల్లీశ్వరిగా భానుమతి నటించారు.

ఆ చిత్రం ఎన్నిసార్లు చూసినా తనివి తీరకపోవడానికి కారణం కథానిర్మాణంలోనే ఉన్నది. శిల్పి అయిన నాగరాజుకు మల్లి మరదలు. ఒక వానపూట ఇద్దరూ పాత సత్రంలో తలదాచుకుంటారు. మారువేషంలో దేశసంచారం చేస్తున్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన అక్కడికే వస్తారు. మల్లి ఆటపాటలకు వారు ముగ్ధులవుతారు. వచ్చినవారెవరో ఎరుగని నాగరాజు, రాయలవారితో చెప్పి మల్లికి పల్లకి పంపించవలసిందని పరిహాసంగా అంటాడు. మొదటిసారి చూసేవారు ఆ మాటకు నవ్వుతారు. తల్లి కోరిన ధనం సంపాదించడానికి నాగరాజు ఊరు విడిచి వెళ్ళాక పల్లకి నిజంగానే వస్తుంది. రాణివాసంలో అడుగుపెట్టిన కన్యకు తిరిగి వెలుపలికి దారి లేదు. రెండవసారి చూసేవారికి అదే పరిహాసం గుండెలో ముల్లులా గుచ్చుకుంటుంది. దృశ్యం మారలేదు, మాట మారలేదు. చూసేవారి తెలివిడి మాత్రమే మారింది.

ఈ కథలో ప్రతినాయకుడు లేడు. రాజు దుర్మార్గుడు కాడు, అతడు మెప్పుకోలుగా పల్లకి పంపినవాడు. తల్లి క్రూరురాలు కాదు, బిడ్డ సుఖం ధనంలోనే ఉన్నదని నమ్మిన సామాన్యురాలు. అందరూ మంచివారే అయినా రెండు జీవితాలు నలిగిపోతాయి. చిన్నవయస్సులో చూసినవారు నాగరాజు, మల్లి కోసం కన్నీరు పెడతారు. బిడ్డల తల్లిదండ్రులై చూసినప్పుడు మల్లి తల్లి ఆశలో తమ ఆశ కూడా కొంత కనిపించి ఉలిక్కిపడతారు. అధికార స్థానంలో ఉన్నవారు చూసినప్పుడు, పెద్దల అనుగ్రహం కూడా చిన్నవారికి ఎంత బరువో తెలుసుకుంటారు. చివర రాయలు తన పల్లకి చేసిన పని గ్రహించి, అంతఃపురంలో ప్రవేశించిన నేరానికి నాగరాజుకు పడవలసిన మరణదండనను తప్పించి, ఆ ఇద్దరినీ స్వేచ్ఛగా పంపివేయడం కథకు ముగింపు.

1951వ సంవత్సరం ఈ సోదరుల జీవితాలలో విశేషమైనది. తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణి కలిసి స్థాపించిన విజయా సంస్థ నుండి ఆ మార్చి నెలలో 'పాతాళభైరవి' వెలువడి అఖండ విజయం సాధించింది. అన్నగారి 'మల్లీశ్వరి' డిసెంబరు 20న విడుదలైంది. రెండింటిలోనూ కథానాయకుడు రామారావే. విమర్శకులు 'మల్లీశ్వరి'ని శిరసావహించినా, దీర్ఘకాలం సాగిన నిర్మాణానికి వెచ్చించిన ధనానికి తగిన రాబడి తొలి విడుదలలో రాలేదు. వాహినికి అండగా నిలిచిన మూలా నారాయణస్వామి 1950లోనే మరణించారు. ఆ చిత్రాన్ని ఆయన చూడనేలేదు. వాహినీ స్టూడియో నిర్వహణ కాలక్రమాన నాగిరెడ్డి చేతికి వచ్చి, విజయా-వాహినిగా దేశమంతటా పేరు పొందింది. అన్నగారు స్టూడియో అధిపతిగా కాక దర్శకుడుగానే మిగిలారు. కాలం మాత్రం 'మల్లీశ్వరి' పక్షాననే నిలిచింది. 1953లో చైనాలో సైతం ప్రదర్శింపబడిన ఆ చిత్రం స్వదేశంలో పునర్విడుదలైన ప్రతిసారీ కొత్త ప్రేక్షకులను సంపాదించుకున్నది.

నష్టం తగిలిన తరువాత కూడా ఆయన సులభమార్గం పట్టలేదు. జార్జి ఎలియట్ ఆంగ్లనవల 'సైలస్ మార్నర్' ఆధారంగా పాలగుమ్మి పద్మరాజు రచనతో 1955లో 'బంగారుపాప' నిర్మించారు. లోకాన్ని ద్వేషించే కోటయ్య అనే కఠినుడు, తుఫాను రాత్రి దొరికిన పసిపాపను పెంచుతూ క్రమంగా మనిషిగా మారడం దాని ఇతివృత్తం. ఎస్.వి. రంగారావు నటజీవితంలో కోటయ్య పాత్రకు ప్రత్యేకస్థానం ఉన్నది. విదేశీ కథ అన్న సంగతి తెలియనంత సహజంగా అది తెలుగునేలలో నాటుకొన్నది. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి రాష్ట్రపతి రజతపతకం లభించింది.

అటుపిమ్మట 'భాగ్యరేఖ' (1957), 'రాజమకుటం' (1960), 'పూజాఫలం' (1964) వెలువడ్డాయి. మునిపల్లె రాజు నవల 'పూజారి' ఆధారంగా తీసిన 'పూజాఫలం'లో ఏకాంతప్రియుడైన సంగీతాభిమానిగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు. 1966లో వచ్చిన 'రంగులరాట్నం' పల్లె వదలి పట్నం చేరిన ఒక కుటుంబంలో రాజకీయాలు అన్నదమ్ముల నడుమ తెచ్చిన చీలికను చూపింది. నటుడు చంద్రమోహన్ పరిచయమైనది అందులోనే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు బంగారు నంది, జాతీయస్థాయిలో ఉత్తమ తెలుగు చిత్ర పురస్కారం ఆ చిత్రాన్ని వరించాయి. 1969 నాటి 'బంగారు పంజరం'తో ఆయన దర్శకత్వం ముగిసింది.

1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు లభించింది. దక్షిణభారత చిత్రరంగం నుండి ఆ గౌరవాన్ని అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. అదే సంవత్సరం భారత ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదంతో సత్కరించింది. 1977 నవంబరు 8న ఆయన కన్నుమూశారు.

ఆయన చిత్రాలలో కొన్ని ధనం తెచ్చాయి, కొన్ని తేలేదు. విడుదలైన వారాలలో వచ్చిన రాబడి లెక్కలు ఇప్పుడు ఎవరికీ అక్కరలేదు. చదువు విషయం కూడా ఇటువంటిదే. పరీక్షకోసం ఒకసారి చదివి మరచిపోయే పాఠం ఒకటి, ఏళ్ళు గడిచిన కొద్దీ కొత్త అర్థం చెప్పే పాఠం ఒకటి. రెండవరకం పాఠం చెప్పే ఉపాధ్యాయునికి తన శ్రమఫలం కళ్ళారా చూసే భాగ్యం అన్నివేళలా దక్కదు. స్వరాష్ట్రానికి దూరంగా, వేరు భాషల నడుమ పెరుగుతున్న తెలుగు బిడ్డలకు కృష్ణశాస్త్రి మాటల తీయదనం చెవిన పడే మార్గాలలో 'మల్లీశ్వరి' ఒకటి. తల్లిదండ్రులు ఆ చిత్రాన్ని బిడ్డలతో కలిసి ఒకసారి చూడడం మంచిది. సత్రం దృశ్యం వచ్చినప్పుడు పిల్లలు నవ్వుతారు, పెద్దలు మౌనంగా ఉంటారు. ఆ మౌనం ఎందుకో పిల్లలకు చెప్పవలసిన అవసరం లేదు. వారు పెద్దవారై మళ్ళీ చూసినప్పుడు వారికే తెలుస్తుంది.