కరువునాటి క్లౌ దొరగారు

ధ్యాన భాగము: యోహాను 21:1-15



ఈస్టరు ఆరాధన ముగిసిన పిమ్మట అనేక గ్రామ సంఘములలో ప్రేమవిందు వడ్డించుట వాడుక. తిరిగి లేచిన ప్రభువు కూడ తిబెరియ సముద్రతీరమున నిప్పులమీద చేపలు సిద్ధపరచి, రాత్రియంతయు కష్టపడి వచ్చిన శిష్యులకు వడ్డించెను. పేతురు ప్రేమను గూర్చి ఆయన ప్రశ్నించినది భోజనమైన తరువాతనే. ఈ వరుసను మన దేశములో పాటించి చూపిన సేవకుడొకడు కలడు.

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. యౌవనమున భూమి కొలతల పని నేర్చెను. 1865లో మన దేశమునకు వచ్చి, మరుసటి యేట ఒంగోలులో కాపురముండెను. 1867లో అక్కడి సంఘము ఎనిమిదిమందితో ఆరంభమాయెను. పిమ్మట మాదిగ పల్లెలలో సువార్త వేగముగా వ్యాపించెను.

1876లో వానలు తప్పెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనినది అదియే. పంటలు ఎండెను, పశువులు చచ్చెను, జనులు దిక్కులేక ఊళ్లు విడిచిరి. అప్పుడు ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండెను. దొరగారు అందులో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసికొనెను. చిన్ననాడు నేర్చిన కొలతల విద్య అక్కరకు వచ్చెను. బోధకులే మేస్త్రీలైరి. పలుగు పార పట్టినవారికి కూలి దొరికెను, ఆ కూలితో గింజలు దొరికెను. పని ఆపి విశ్రమించు వేళ బోధకులు క్రీస్తును గూర్చి చెప్పుచుండిరి.

అనేకులు బాప్తిస్మము కోరిరి. దొరగారు ఇయ్యలేదు. ఒక యేడాదికి పైగా ఇయ్యలేదు. అది తేలికయైన నిర్ణయము కాదు. అడిగినవారిలో ఎందరు మరునాటికి బ్రతికియుందురో ఎవరికి తెలియును? అయినను రొట్టెల కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో కరువులో తేలదని ఆయన యెరుగును. కూలికి మాత్రము ఎవరి విశ్వాసమును అడుగలేదు.

1878లో కరువు తీరెను, పనియు ముగిసెను. ఇక ఇచ్చుటకు ధనము లేదని ఆయన చెప్పినను జనులు వెళ్లిపోలేదు. సహాయము అక్కరలేదు, బాప్తిస్మమే కావలెననిరి. ఆ యేడు జూలై 3న, ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు; ఇద్దరిద్దరుగా వంతులవారిగా ఇచ్చిరి. దొరగారు 1910లో ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, ఈస్టరు విందులో మొదటి విస్తరి విధవరాలికిని, కూలివానికిని, గుడికి రాని పొరుగువానికిని వేయుదము. వడ్డించుచు వారి విశ్వాసమును అడుగవద్దు. అడుగవలసినది ప్రభువు తానే, తన సమయమున అడుగును.

ప్రార్థన: ప్రభువా, మా చేతి అన్నమును ఎరగా కానీయక ప్రేమగా చేయుము. ఆమేన్.