స్కాటిష్ కేఫ్ గణితవేత్త: స్టీఫన్ బనాఖ్

టోపాలజీలో మొదటి పుస్తకాన్ని సొంతంగా చదివి ముగించినవాళ్లకు, తర్వాత ఏం చదవాలన్నది పెద్ద ప్రశ్న. అలాంటివాళ్లు స్టీఫన్ బనాఖ్ గురించి తెలుసుకోవాలి.

ఆయన 1892 మార్చి 30న, అప్పటి ఆస్ట్రియా పాలనలోని క్రాకోవ్‌లో పుట్టారు. కన్నతల్లి దగ్గర పెరగలేదు. లాండ్రీ నడిపే ఒకావిడ పెంచింది. ల్వోవ్ వెళ్లి ఇంజనీరింగ్‌లో చేరినా పట్టా చేతికి రాకముందే 1914 యుద్ధం వచ్చింది. క్రాకోవ్ తిరిగొచ్చి గణితం మాత్రం తనంతట తాను చదువుకున్నారు. 1916లో పార్కులో నడుస్తున్న గణితవేత్త స్టైన్‌హాస్ చెవిన లెబెగ్ పేరు పడింది. అప్పటికి చాలా కొత్తదైన ఆ గణితం గురించి మాట్లాడుకుంటున్న ఈ కుర్రవాళ్లెవరా అని ఆగారు. వాళ్లలో ఒకరు బనాఖ్. తనకు తేలని ఒక సమస్య చెబితే బనాఖ్ కొద్ది రోజుల్లో తేల్చేశారు!

మామూలు డిగ్రీ లేకపోయినా 1920లో ల్వోవ్ యూనివర్సిటీ ఆయనకు డాక్టరేట్ ఇచ్చింది. 1922లో అచ్చయిన ఆ పరిశోధన, టోపాలజీకి పక్కిల్లే. ఫంక్షన్లనే బిందువులుగా తీసుకుని, వాటిని కూడి, వాటి మధ్య దూరాలు కొలిచారు. ఒకదానికొకటి అంతకంతకూ దగ్గరవుతూ పోయే బిందువుల వరుస చేరే గమ్యం ఆ లోకంలోనే ఉండాలన్నారు. వాటినే ఇప్పుడు బనాఖ్ స్పేస్‌లు అంటున్నాం.

అందులో మనకు పనికొచ్చే ముచ్చట ఒకటుంది. మనం ఉన్న ఊళ్లో, జమ్మూ అయినా జోర్హాట్ అయినా, భారతదేశ పటాన్ని నేల మీద పరిస్తే, పటంలో ఒకే ఒక్క బిందువు తాను చూపే చోటు మీదే సరిగ్గా కూర్చుంటుంది. పటంలో ఆ పటం పరిచిన చోటు, దానిలో మళ్లీ ఆ చోటు, ఇలా కుదించుకుంటూ పోతే చివరికి మిగిలేది ఆ బిందువే. నాన్నగారికి బదిలీ అయితే బిందువు మారుతుంది, సూత్రం మారదు.

ల్వోవ్‌లో బనాఖ్ మిత్రులు స్కాటిష్ కేఫ్ బల్లల మీదే పెన్సిల్‌తో లెక్కలు రాసేవారు. బల్ల తుడిస్తే అన్నీ పోయేవి. 1935లో బనాఖ్ భార్య ఒక లావుపాటి నోటుపుస్తకం కొనిచ్చారు. అందులో ఒక సమస్యకు మజూర్ ప్రకటించిన బహుమతి, బతికున్న బాతు! 1972లో స్వీడన్‌కు చెందిన ఎన్‌ఫ్లో దాన్ని తేల్చి, బాతును అందుకున్నారు.

మనకు బదిలీ అంటే ఊరు మారడం. బనాఖ్ ల్వోవ్‌లోనే ఉన్నారు, పాలకులే మారిపోయారు: 1939లో సోవియట్లు, 1941లో జర్మన్లు, 1944లో మళ్లీ సోవియట్లు. జర్మన్ల కాలంలో, టైఫస్ టీకా తయారుచేసే సంస్థలో పేలకు తన రక్తం తాగించే పని చేశారు. ఆ కొలువే ఆయన ప్రాణానికి కొంత రక్షణ. 1945 ఆగస్టు 31న, యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, కేన్సర్‌తో పోయారు.

ఆయన 1932 పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం ఉంది. టోపాలజీతో పాటు కాస్త లీనియర్ ఆల్జీబ్రా వచ్చినవాళ్లు తెరవవచ్చు. కేఫ్ నోటుపుస్తకం కూడా ఇంగ్లీషులో అచ్చయింది. అందులో కొన్ని సమస్యలు ఇంకా తేలలేదు.