అయ్యగారి సాంబశివరావు

ఏ.ఎస్.రావుగా ప్రసిద్ధి చెందిన అయ్యగారి సాంబశివరావు (1914 సెప్టెంబరు 20 - 2003 అక్టోబరు 31) భారతీయ అణు శాస్త్రవేత్త, ఎలక్ట్రానిక్స్ నిపుణుడు. హైదరాబాదులోని ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు.

పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించాడు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, కొంతకాలం అక్కడే బోధించాడు. తరువాత అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించాడు. తిరిగివచ్చి హోమీ భాభా వద్ద విశ్వకిరణాల పరిశోధనలో చేరాడు.

1956 ఆగస్టు 4న పని మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు నియంత్రణ వ్యవస్థను ఆయన బృందమే స్వదేశంలో రూపొందించింది. రియాక్టరులో న్యూట్రాన్లను పసిగట్టే పరికరం ఇచ్చే సంకేతం అతి బలహీనమైనది. దానిని యాంప్లిఫయరుతో పెంచనిదే మీటరు ముల్లు కదలదు, లోపలి స్థితీ తెలియదు. అందుచేత ఎంత పెరుగుతున్నదో కచ్చితంగా తెలియడం భద్రతకు సంబంధించిన విషయం.

ట్రాన్సిస్టరు యాంప్లిఫయరుకు ఈ లెక్కను నేడు గుడ్లవల్లేరు మొదలైన చోట్ల ఇంజనీరింగు విద్యార్థులు పాఠంగా చదువుతారు. మధ్యస్థ పౌనఃపున్యాల వద్ద కెపాసిటర్ల ప్రభావం లెక్కలోకి రాదు. ఎమిటరు ఉమ్మడిగా ఉన్న వలయంలో ట్రాన్స్‌కండక్టెన్సును కలెక్టరు వైపు మొత్తం నిరోధంతో గుణిస్తే వోల్టేజి గెయిన్ వస్తుంది. కలెక్టరు విద్యుత్తు 1 మిల్లీఆంపియరు అయితే ట్రాన్స్‌కండక్టెన్సు సుమారు 40 మిల్లీసీమెన్సులు. 4 కిలోఓముల కలెక్టరు నిరోధానికి అంతే లోడు సమాంతరంగా చేరితే ఫలితం 2 కిలోఓములు, గెయిన్ 80. సంకేతం మాత్రం తలక్రిందులవుతుంది. కాగితంపై ఇది సులువే. లెక్కకు సరిపడే విడిభాగాలను దేశంలోనే తయారుచేయడం ఆనాడు అసలు కష్టం.

ఆ కొరత తీర్చడానికే 1967లో ఈసీఐఎల్ ఏర్పడింది. రావు దాని తొలి మేనేజింగ్ డైరెక్టరు. కంప్యూటర్లు, టెలివిజన్లు కూడా అక్కడ తయారయ్యాయి. ఆయనకు 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ లభించాయి. హైదరాబాదులోని ఏ.ఎస్.రావు నగర్‌కు ఆయన పేరే పెట్టారు.