డాక్టరీ చదివి.. పీత కంటి వెంట!

చదివిందొకటి, నచ్చింది ఇంకొకటి అని మథనపడుతున్నారా? అయితే 1983లో కన్నుమూసిన కెఫర్ హార్ట్‌లైన్ సంగతి వినండి. 1927లో జాన్స్ హాప్కిన్స్‌లో ఎండీ పూర్తిచేశారు, ప్రాక్టీసు జోలికే పోలేదు. ఫిజిక్స్ కోసం జర్మనీ వెళ్లి హైజెన్‌బర్గ్ పాఠాలు విన్నారు. లెక్కల పునాది చాలక అక్కడా కుదరలేదు.

తిరిగొచ్చి హార్స్‌షూ క్రాబ్‌ని పట్టుకున్నారు. పేరుకే పీత, సాలీళ్లకు చుట్టం. దాని ఒక్కో పక్క కన్ను దాదాపు వెయ్యి బుల్లి కళ్ల గుంపు. 1932లో గ్రాహంతో కలిసి, మైక్రోస్కోపు కింద ఆ కంటి నరాన్ని పోగులుగా విడదీసి, ఒకే పోగులో నడిచే విద్యుత్ సంకేతాల్ని రికార్డు చేశారు. ఎంత ఓపికో ఊహించుకోండి! వెలుగు పడ్డ బుల్లి కన్ను పక్కవాటిని కాస్త అణచిపెడుతుందని తర్వాత తేల్చారు. వెలుగునీడల అంచులు కొట్టొచ్చినట్టు కనిపించేది అందుకే. 1967లో నోబెల్ వచ్చింది, అదీ వైద్యంలోనే!