శ్రీశైల యాత్ర చేసిన రష్యా వర్తకుడు

వాస్కో డ గామా 1498లో కేరళ తీరమున దిగుటకు పాతికేండ్లకు పైగా ముందే రష్యా దేశీయు డొకడు దక్కను చేరి, మన యాత్రికులతో కలసి నడచెను. ఆతని పేరు అఫనాసీ నికితిన్. ఆతడు రాజదూత కాడు, మతగురువు కాడు. వోల్గా తీరమందలి త్వేర్ పట్టణమున సరకు లమ్ముకొని జీవించిన సామాన్య వర్తకుడు. రాజుల దండయాత్రలను చెప్పు గ్రంథములు మనకు పెక్కు కలవు. నాటి బాటసారి కుండలో నేమి యుడికెనో చెప్పునవి అరుదు. నికితిన్ వ్రాసిన చిన్న పుస్తకము అట్టి వానిలో నొకటి.

ఆతని యాత్రాకాలమును పూర్వులు 1466–72 అనియు, తరువాతి పరిశోధకులు 1468–74 అనియు నిర్ణయించిరి. త్వేర్ నుండి పడవలపై సరకుతో బయలుదేరిన ఆ వర్తక బృందమును వోల్గా ముఖద్వారము కడ, ఆస్త్రాఖాన్ సమీపమున, తాతారులు దోచుకొనిరి. సరకుతో పాటు నికితిన్ ప్రార్థన గ్రంథములును పోయెను. సహచరులలో కొందరు అప్పులకు వెఱచి ఇంటికి మరలలేకపోయిరి. నికితిన్ దర్బందు మీదుగా, ఆరని మంటలు మండు బాకూ చేరి, కాస్పియన్ సముద్రము దాటి పారశీకమున ప్రవేశించెను.

త్వేర్ ప్రాంతపు ఇంటి భోజన మనగా నల్లని రై రొట్టె, క్యాబేజి పులుసు, నదిలోని చేప, ధాన్యమును మెత్తగా నుడికించిన ‘కాషా’ అను జావ. చలిదేశపు నేల ఇచ్చునది అంతియే. దక్షిణమునకు సాగిన కొలది రై పోయి గోధుమ వచ్చును. కాకసస్ పర్వతప్రాంతమున పలుచని రొట్టెలు, ఆర్మేనియాలో గోధుమయు మాంసమును కలిపి గంటలకొలది ఉడికించు ‘హరీసా’, పారశీకమునను సమరఖందు వైపునను బియ్యపు పులావు. రష్యాకును, దాని పొరుగు దేశములకును ఒకే వంట లేదు. నేలను బట్టి ధాన్యము, ధాన్యమును బట్టి కుండ. పారశీకమందలి తారోము అను చోట పశువులకు ఖర్జూరములను మేపుటను నికితిన్ చూచి వ్రాసికొనెను.

హోర్ముజ్ రేవునుండి ఒక గుఱ్ఱముతో ఓడ నెక్కి ఆతడు పడమటి తీరమందలి చౌల్ రేవున దిగెను. జున్నరు పాలకుడైన అసద్ ఖాను, ఆతడు క్రైస్తవు డని తెలిసి గుఱ్ఱమును లాగికొని, మతము మారినచో గుఱ్ఱముతో పాటు వేయి బంగారు నాణెములు ఇత్తుననియు, లేకున్న రెండును పోవు ననియు చెప్పి నాలుగు దినముల గడువు విధించెను. నికితిన్ లొంగలేదు. ఖొరాసాను వాసియైన ఖ్వాజా ముహమ్మదు అనునాతడు కల్పించుకొని గుఱ్ఱమును తిరిగి ఇప్పించెను. మతము పేర వేధించినవాడును, విడిపించినవాడును ఒకే మతస్థు లగుట గమనింపదగినది.

పిదప ఆతడు బహమనీ రాజధానియైన బీదరు చేరెను. అది మూడవ ముహమ్మదు షా పాలనాకాలము. మంత్రి మహమూద్ గవాను కూడ కాస్పియన్ తీరమందలి గీలాను ప్రాంతమునుండి వచ్చినవాడే. ఈ పరదేశములో నికితిన్‌ను ఆకలికంటె మిక్కిలిగా బాధించినది తిథుల మఱపు. గ్రంథములు పోవుటచే తన పండుగ యెన్నడో, ఉపవాస మెన్నడో ఆతనికి తెలియదయ్యెను. తుదకు చుట్టునున్న ముస్లిములు ఉపవసించు మాసముననే తానును ఉపవసించి, మాంసమును ముట్టక, దినమునకు రెండుసార్లు రొట్టెయు నీరును మాత్రము పుచ్చుకొనుచు తన దేవుని ప్రార్థించెను.

బీదరులో ఖోజా యూసుఫ్ అను మారుపేరుతో మెలగుచుండిన ఆతడు, హిందువులతో పరిచయము పెరిగిన తరువాత తన నిజస్థితిని వారికి తెలిపెను. నాటినుండి వారు తమ భోజనమును, పూజను, బేరమును ఆతనికి దాచరైరి. అందుచేతనే ఆతని వ్రాతలకు విలువ కలిగెను. అన్నము, నేయి కలిపిన కిచిడీ, ఆకుకూరలు, కుడిచేతితోనే తినుట, చెంచా యెఱుగకుండుట, దినమునకు రెండు పూటలే భుజించి, ఆది సోమవారములందు ఒంటిపూట యుండుట, పిడకలపై వంట చేసి, ఆ బూడిదను నుదుట ధరించుట, పరుల దృష్టి పడిన అన్నమును విడుచుట మున్నగు వానిని ఆతడు నమోదు చేసెను. ఒకరితో నొకరు కూడి తినని శాఖలు ఎన్నో కలవనియు గుర్తించెను.

వారితో కలసి ఆతడు నెల దినములు నడచి ‘పర్వతము’ అను మహాక్షేత్రమునకు పోయెను. దీనిని పండితులు పెక్కుమంది శ్రీశైలముగా గుర్తించిరి. ఆలయము తన త్వేర్ పట్టణములో సగమంత యుండెనని ఆతడు ఆశ్చర్యపడెను. నల్లరాతి నందిని, తలనీలాలను, తలకు ఇంతయని వసూలు చేయు సుంకమును వర్ణించెను. దారిలో ప్రతి యాత్రికుడును తన కుండ తాను మోసికొని, తన అన్నము తాను వండుకొనుటను చెప్పుచు, ఆ వంటకమునకు ఆతడు పెట్టిన పేరు ‘కాషా’. స్వగ్రామమున తల్లి వండిన జావ పేరే పరదేశీయుల కుండకును ఆతని నోట వచ్చెను.

విద్యార్థులు ఇచట ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. కొలంబసు అమెరికా చేరినది 1492లో. కావున నికితిన్ చూచిన దక్కనులో మిరపకాయ లేదు, కారమునకు మిరియములే. ఆతడు విడిచివచ్చిన రష్యాలో బంగాళాదుంపయు లేదు. నేడు మనము అనాది యని తలచు రుచులలో కొన్ని ఆతని తరువాత వచ్చినవే.

వ్యాపారమున ఆతనికి లాభము కలుగలేదు. రష్యాకు పనికివచ్చు సరకు కొఱకు వెదకగా మిరియములు, రంగులు మాత్రమే చౌకగా కనబడెను. దాభోలు రేవున ఓడ నెక్కి, హోర్ముజ్, తబ్రీజు, ట్రెబిజాండుల మీదుగా నల్లసముద్రమును దాటి కాఫా చేరెను. స్వదేశమునకు మరలుచు స్మోలెన్‌స్క్ చేరకమున్నే కన్నుమూసెను. వ్రాతప్రతి 1475లో మాస్కో చేరెను. 19వ శతాబ్ది ఆరంభమున చరిత్రకారుడు కరంజిన్ దానిని మరల వెలుగులోనికి తెచ్చెను. 1957లో అబ్బాసు దర్శకత్వమున భారత సోవియట్ సంయుక్త చిత్రము ‘పరదేశి’ ఆతని కథతో వెలువడెను.

నికితిన్ నాటికి గోల్కొండ బహమనీల దుర్గము. హైదరాబాదు ఇంకను పుట్టలేదు. 1591లో చార్మినారు చుట్టును వెలసిన ఆ నగరమునకు ఆతడు నడచిన దారులనుండియే మనుష్యులు వచ్చిరి. కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ హమదాను ప్రాంతపు తురకమాను వంశీయుడు; ఆసఫ్‌జాహీల పూర్వులు సమరఖందు వారు; ఆర్మేనియా వర్తకుల సమాధులు ఉప్పుగూడలో నేటికిని కలవు. పాతబస్తీ హలీమునకు ఆర్మేనియా హరీసాతో చుట్టరికము కలదు. బార్కసులోని అరబ్బులు దానినే హరీస్ అందురు. ఉదయమున కిచిడీ, ఖీమా తినుట పాతబస్తీలో నేటికిని వాడుక.

మతము, భాష, వంట వేరైన ముగ్గురి నడుమ ఆతడు తన విశ్వాసమును విడువలేదు, ఇతరుల అన్నమును హేళన చేయలేదు. చరిత్ర బోధించు ఉపాధ్యాయులు యుద్ధములతో పాటు ఈ బాటసారి కథనును ఒక పూట చెప్పుట మేలు.